ఇద్దరికీ పన్నెండేసి ఓట్లు

స్కూలు లైబ్రరీ, అల్ ఘర్రాఫా
సెప్టెంబరు, ఆదివారం

ప్రియమైన శివా,

ఈ రోజు పొద్దున లైబ్రరీ కిటికీకి బయటివైపు చెమట పట్టింది. అద్దాలు తుడిచే మనిషి తుడవబోయి ఆగి, వేలితో ఒక చేప బొమ్మ గీశాడు. కాసేపు చూసుకుని దాన్నీ తుడిచేశాడు. నేను లోపల పుస్తకాలకు నంబర్లు అంటిస్తూ చూశాను. అతనికి నేను కనపడలేదు.

నీ వాయిస్ మెసేజీలన్నీ విన్నాను. ఫోన్లో నాకు మాట రాదని నీకు తెలుసు. అందుకే కాన్వెంటులో సిస్టర్ అనస్తాసియా ప్రతి ఆదివారం రాయించినట్టే కాగితం మీద రాస్తున్నాను. మడత కూడా ఆమె నేర్పిందే. నాలుగుగా మడిచి, చివరి మూల లోపలికి దోపాను. పొద్దున మీ డ్రైవరు దానియేలు అన్న మీ మేడమ్ కూతురు నూఫ్‌ను బడిలో దింపడానికి వచ్చినప్పుడు ఇస్తాను. పోయినసారి ఆయన ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది విప్పితే మళ్ళీ మూయడం నా వల్ల కాదండి. దోహా మొత్తం మీద మీ ఇద్దరికి తప్ప ఈ విద్య ఎవరికీ వచ్చుండదండి" అన్నాడు.

ఇక సంగతి. మా ఇళ్ళ కాంపౌండ్ ఆఫీసువాళ్ళు మన శుక్రవారం తెలుగు బడి గురించి అడిగారు. ముగ్గురు పిల్లలతో నేను మొదలుపెట్టినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఇరవై మంది దాటారు కాబట్టి, గది తాళం ఒక్కరి పేరు మీదే ఇస్తారట. ఏం జరిగినా ఆ ఒక్కరే జవాబు చెప్పాలి. పిల్లల తల్లిదండ్రుల తరఫున ఆఫీసుతో మాట్లాడే భూమేష్ అన్న నిన్న మా ఇంటికి వచ్చి మా తల్హా అన్నయ్యతో చెప్పాడు: "ఒక పెద్ద, పెద్దకు తోడు ఇంకొకలు. గొడవ లేకుంట మీరే ఎన్నుకోండ్రి."

నూఫ్ తరగతి చరిత్ర పుస్తకం నా బల్ల మీదే ఉంది. అమెరికాలో మొదట్లో అధ్యక్షుణ్ణి ఎలా ఎన్నుకునేవాళ్ళో అందులో ఉంది. ఓటు వేసే ప్రతినిధి రెండు పేర్లు రాస్తాడు. ఏ పేరు ఏ పదవికో రాయడు. ఎక్కువ ఓట్లు వచ్చినవాడు అధ్యక్షుడు, అతని తర్వాతివాడు ఉపాధ్యక్షుడు. 1796లో ఆడమ్స్ గెలిస్తే, అతనితో పోటీ పడిన జెఫర్సనే ఉపాధ్యక్షుడయ్యాడు. ఓడినవాడికీ కుర్చీ ఉంది. ఎవరూ లేచి నిలబడి తన గురించి తాను చెప్పుకోనక్కరలేదు. నాలాంటివాళ్ళ కోసం ఎవరో ఆలోచించి పెట్టినట్టుంది.

భూమేష్ అన్నకు ఈ పద్ధతి చెప్పాను. సరే అన్నాడు. నేను పెద్ద, నువ్వు నాకు తోడు. మనం అనుకున్నదే కదా.

నీ
మహెక్


ఉమ్ సలాల్
బుధవారం

ఒసేయ్ మహెక్,

ఉత్తరం అందింది. దానియేలు అన్న దాన్ని బంగారం తెచ్చినట్టు రెండు చేతులతో ఇచ్చాడు.

నిన్న ఇదే పాఠం నూఫ్‌తో కూర్చుని చదివించాను. "శివా, మరి ఇద్దరికీ ఒకే లెక్క వస్తే?" అని అడిగింది. "ముందు నీ పాలు తాగు" అన్నాను. ఈ పిల్లకు అన్నీ సందేహాలే. నీకు మంచి జోడీ.

హనుమక్కకు కూడా ఓటుందని చెప్పాను. ప్రతి శుక్రవారం నాతో కారులో వచ్చి పిల్లలకు టీ పోసేది ఆమే కదా. వంటింట్లో గరిటె పైకెత్తి, "ఓటా! మా ఊర్లో ఓటేసిన దినం బిర్యానీ పెట్టినారు. మీరేం పెడతారు మ్మే?" అంది. బిస్కట్లు అన్నాను. "బిస్కట్లకు ఒగ పేరే రాస్తా, పో" అంది. బతిమాలి రెండు పేర్లకు ఒప్పించాను.

నేను నీకు తోడు అని రాశావు. ఎప్పుడు అనుకున్నామో నాకు గుర్తు రావడం లేదు. అయినా కానీ. శుక్రవారం వస్తున్నాను. ఈ ఇంట్లో పొద్దు లేచినప్పటి నుంచి "యా శివా", "యల్లా శివా" అని పిలుపు మీద పిలుపు. మేడమ్ మంచిదే, అరవదు. కానీ వారం మొత్తం మీద నన్ను "టీచర్" అని పిలిచేది ఆ గదిలోనే. కొత్త పాట కట్టాను, గుణింతం మీద. నీ పలకలు కాసేపు పక్కన పెట్టించు.

శివ


ఐన్ ఖాలిద్
అక్టోబరు, శనివారం

శివా,

ఇద్దరికీ పన్నెండేసి అని భూమేష్ అన్న చదివినప్పుడు నువ్వు నవ్వావు. అందరూ నవ్వారు. పిల్లల తల్లిదండ్రులు, మనం కలిపి పన్నెండు మందిమి, అందరమూ మన ఇద్దరి పేర్లే రాశాం. "ఇద్దర్ని ఎన్నుకోమంటే ఇద్దర్నే ఎన్నుకున్నం. ఇగ పెద్దెవరో చిన్నెవరో ఆ చీటీలకేం ఎరుక?" అన్నాడు భూమేష్ అన్న.

అప్పుడు అందరూ నీ వైపు చూశారు. నువ్వు ఒక్క మాట అంటే అయిపోయేది. మహెక్ మొదలుపెట్టిన బడి, మహెక్ పెద్ద అని. నువ్వు చున్నీ సర్దుకుని టీ కప్పులు ఏరడం మొదలుపెట్టావు. హనుమక్క చేయాల్సిన పని అది.

ఇంటికి వచ్చి పుస్తకంలో తర్వాతి పేజీ తిప్పాను. ముందే తిప్పి ఉండాల్సింది. 1800లో జెఫర్సన్, బర్ ఒకే జట్టు. జెఫర్సన్ అధ్యక్షుడు, బర్ అతనికి తోడు. వాళ్ళ జట్టులో ఇది తెలియనివాళ్ళు లేరు. ఎవరో ఒకరు బర్‌కు ఒక ఓటు తగ్గేట్టు చూసుకోవాలి. ప్రతివాడూ ఇంకొకడు చూసుకుంటాడులే అనుకున్నాడు. డెబ్బై మూడు, డెబ్బై మూడు. బర్ తప్పుకుంటున్నానని తెగేసి చెప్పి ఉంటే గొడవే లేదు. చెప్పలేదు.

నేను ఆ పద్ధతిని మన గదిలోకి తెచ్చాను. అది ఎక్కడ విరిగిందో చదవకుండా తెచ్చాను. కానీ నువ్వు మౌనంగా ఉండటం ఏ పుస్తకంలోంచీ తేలేదు.

ఒక సంగతి నీకు తెలియదు. నేను అక్షరాలు దిద్దిస్తున్నప్పుడు పిల్లలు కిటికీలోంచి నీ కారు కోసం చూస్తారు. నువ్వు లోపలికి రాగానే గదిలో చప్పుడే మారిపోతుంది. నేను రెండేళ్ళుగా ఆ గదిలో ఉన్నాను. నేను వచ్చినప్పుడు చప్పుడు మారదు. స్కూల్లో రోజంతా "హష్" అనడం తప్ప నాకు పని లేదు. ఇంట్లో వదిన మాట్లాడుతుంది, నేను వింటాను. నా గొంతు నాకు వినపడేది ఆ రెండు గంటలే. అవి కూడా నీకే కావాలా?

మహెక్


ఉమ్ సలాల్
మంగళవారం

మహెక్ టీచర్ గారికి,

నన్ను బర్ అన్నావు. చాలా సంతోషం. ఆ పుస్తకం నా ముందు కూడా ఉంది. నూఫ్ వాళ్ళ టీచరు ఇంకో సంగతి చెప్పిందట, అది నువ్వు రాయలేదేం? ఆ ఓట్ల కవర్లు సభలో విప్పింది ఎవరు? జెఫర్సనే. అప్పటికి ఉపాధ్యక్షుడు కాబట్టి ఆ పని ఆయనదే. తన ఓట్లు తానే విప్పుకున్నాడు. నీ పెద్దమనిషి కూడా ఆ రోజు "నాకు వద్దు" అనలేదు మరి.

నువ్వు అన్నావా? నువ్వూ టీ కప్పు చూస్తూ కూర్చున్నావు. నీ మౌనం సిగ్గు, నా మౌనం దురాశ. ఎక్కడి న్యాయమే ఇది?

పిల్లలు కారు కోసం చూస్తారని రాశావు. వాళ్ళు ఇంటికి పోయాక వాళ్ళ అమ్మలు నాకు ఏం పంపిస్తారో తెలుసా? నువ్వు దిద్దించిన పేజీల ఫోటోలు. "మహెక్ టీచర్ చేత్తో రాసిచ్చినవి, చూడండి ఎంత ముద్దుగా ఉన్నాయో" అని. నా పాట గురించి ఒక్కరూ ఫోటో పంపరు. పాటకు ఫోటో ఉండదు కదా.

కాన్వెంటులో ప్రతి ఏడూ తెలుగు వ్యాసానికి మొదటి బహుమతి నీకు. నీకు పుస్తకం ఇచ్చేవాళ్ళు. రెండో బహుమతి నాకు. నాకు సబ్బుపెట్టె. ప్లాస్టిక్‌ది, మూత ఉన్నది. మా ఇంట్లో అటక మీద ఇప్పటికీ ఉన్నాయి, ఆకుపచ్చవి, గులాబీవి, వరసగా. మా అమ్మ వాటిలో గుండీలు, సూదులు దాచుకుంటుంది. నువ్వు స్టేజి మీద పుస్తకం తీసుకుని తల వంచుకుని దిగి వస్తుంటే, సిస్టర్ నీ తల నిమిరేది. నాకు చప్పట్లు కొట్టించేది, అంతే.

అందరితో కలిసి నేనే గట్టిగా కొట్టేదాన్ని. నీకు వినపడి ఉండదు.

నాకు కావాలి మహెక్. అదీ మాట. ఈసారి నాకు కావాలి.

శివకుమారి


ఐన్ ఖాలిద్
డిసెంబరు, శుక్రవారం

శివకుమారికి,

ఒక్కొక్కరు ఒక్క పేరే రాయండి అని భూమేష్ అన్న కొత్త నియమం పెట్టాడు. మూడు శుక్రవారాలు రాశాం. మూడుసార్లూ ఆరు నీకు, ఆరు నాకు. నీకు ఎవరు వేస్తున్నారో, నాకు ఎవరు వేస్తున్నారో అందరికీ తెలుసు. ఎవరూ మారడం లేదు. రూపాయి బిళ్ళ ఎగరేద్దాం అన్నాడు భూమేష్ అన్న. నువ్వూ నేనూ ఒకేసారి వద్దన్నాం. ఈ మూడు నెలల్లో మనం కలిసి అన్న మాట అదొక్కటే.

"ఒగ గిన్నెలో బువ్వ కోసరం ఇద్దరు పిల్లోళ్ళు కొట్లాడినట్టుండాది" అంది హనుమక్క, అందరికీ వినపడేలా. తర్వాత, "గిన్నె కింద పడితే ఇద్దరూ పస్తే" అంది.

నిజమే. ఈ మూడు శుక్రవారాలూ పాఠం జరగలేదు. పిల్లలు బయట కార్ల మధ్య ఆడుకున్నారు. జనవరి మొదటి శుక్రవారంలోగా ఒక పేరు ఇవ్వకపోతే గదిని వేరేవాళ్ళకు ఇస్తామని ఆఫీసువాళ్ళు చెప్పారు.

మనసులో ఉన్నది రాస్తున్నాను, చదివి చించెయ్. నీ వైపు ఉన్న ఆరుగురినీ నేను ఒక్కొక్కరినే చూస్తూ కూర్చున్నాను. తెలుగు బడికి పెద్ద పేరు మహెక్ అని ఉంటే బాగుండదని వాళ్ళకు అనిపించిందేమో. ఇంట్లో మేం మాట్లాడేది దక్కనీ ఉర్దూ. పైకి ఎవరూ అనలేదు. అనకపోతే మాత్రం నాకు అనిపించకుండా ఉంటుందా? నీకు ఆ అనుమానం ఎప్పుడూ రాదు. నీ పేరు ఎక్కడ పెట్టినా అతుకుతుంది. నాకు నీ పాట మీద కన్నా, నీ నవ్వు మీద కన్నా, దాని మీదే ఎక్కువ అసూయ.

అమెరికావాళ్ళ గొడవ ఎలా తీరిందో నిన్న చదివాను. ప్రతినిధుల సభలో మళ్ళీ మళ్ళీ ఓట్లు వేశారు. ఒక్కో రాష్ట్రానికి ఒక్క ఓటు. ముప్పై అయిదుసార్లు వేసినా తేలలేదు. ఒక చిన్న రాష్ట్రానికి ఒక్కడే ప్రతినిధి ఉన్నాడు. ఆ ఒక్కడి చేతిలో ఒక రాష్ట్రం మొత్తం ఓటు. అతనికి జెఫర్సన్ అంటే ఇష్టం లేదు. కానీ ఇలాగే సాగితే దేశమే ఉండదని భయపడ్డాడు. ముప్పై ఆరోసారి ఖాళీ చీటీ వేశాడు. ఇంకొందరు కూడా అదే దారి పట్టారు. అలా తేలింది.

మన గదిలో అలాంటివాళ్ళు లేరు. నేను కూడా కాను.

మహెక్


ఉమ్ సలాల్
జనవరి, ఆదివారం

మహెక్,

గెలిచావు. సంతోషం.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళయ్యేలోగా కారు ఇంటి దగ్గర ఉండాలని దానియేలు అన్న హారన్ కొడుతుంటే, చీటీలు డబ్బాలో వేసి హనుమక్కా నేనూ వచ్చేశాం. దారిలో భూమేష్ అన్న ఫోన్ చేశాడు. "మహెక్ గెలిచింది బిడ్డా. ఆరు, అయిదు. ఒకలు చీటి ఉత్తగనే ఏసిండ్రు" అన్నాడు. ఆ ఉత్త చీటీ ఆయనదే అని అందరూ ఆయన్ను ఏడిపిస్తున్నారట కదా. నాకు వేస్తూ వచ్చిన మనిషి, చివర్లో విసుగు పుట్టి ఉంటుంది. నాది మాత్రం కాదు. నా చీటీలో నా పేరే ఉంది, ఒత్తి రాశాను. నీకు ఊరికే ఇచ్చేదాన్ని కాదు.

నువ్వు చించెయ్‌మన్న ఉత్తరం చించలేదు. దానికి జవాబు అప్పుడే రాయాల్సింది. నా వైపు ఆరుగురిలో నలుగురిని నేను అడిగాను, ఎందుకు నాకు వేస్తున్నారని. పాట అన్నారు. పిల్లలు ఏడవకుండా వస్తున్నారు అన్నారు. ఒకామె, నువ్వు ఆమెను పలకరించవని చెప్పింది. నేను చెప్పాను, అది పొగరు కాదమ్మా, గొంతు లేవదు అని. నీ పేరు గురించి ఎవరూ ఏమీ అనలేదు. మిగతా ఇద్దరి మనసులో ఏముందో నాకు తెలియదు. తెలిసినట్టు నీకు అబద్ధం చెప్పను. ఒకటి మాత్రం చెప్తాను. సిస్టర్ ఆ పుస్తకాలు నీకే ఇచ్చింది. పేరు చూసి ఇవ్వలేదు.

ఇక్కడ డ్యూటీ మారింది. ఇకమీదట శుక్రవారాలు ఖాళీ ఉండదు. పిల్లలకు నేను అడిగానని చెప్పు. గుణింతం పాట నీకు రాదు, అందుకే వేరే కాగితం మీద రాసి పంపుతున్నాను. నువ్వు పాడనక్కరలేదు. చదివినా చాలు.

శివ


స్కూలు లైబ్రరీ, అల్ ఘర్రాఫా
ఫిబ్రవరి, బుధవారం

శివా,

తాళం నా పేరు మీద వచ్చింది. ఇత్తడిది, చిన్నది. నాలుగు శుక్రవారాలుగా తలుపు నేనే తీస్తున్నాను.

నీ పాట చదివాను. పిల్లలు విన్నారు. ఒక పిల్ల, ఎప్పుడూ ముందు వరసలో కూర్చునేది, మర్యాదగా చెయ్యెత్తి, "టీచర్, ఇది ఇలా కాదు" అంది. తర్వాత తనే పాడింది. అందరూ అందుకున్నారు. నేను బోర్డు పక్కన నిలబడ్డాను. ఆ పాటలో నువ్వు ఎక్కడ ఊపిరి తీసుకుంటావో వాళ్ళు అక్కడే తీసుకున్నారు. నువ్వు ఉమ్ సలాల్‌లో ఉండి కూడా ఆ గదిలో నాకన్నా ఎక్కువ ఉన్నావు. నాకు ఎలా ఉందో రాయను. నీకు తెలుసు. సబ్బుపెట్టె చేతిలో పట్టుకుని నిలబడ్డట్టే ఉంది.

నిన్న పొద్దున దానియేలు అన్నను అడిగాను, మీ ఇంట్లో శుక్రవారాలు అంత పని ఏమిటని. ఆయనకు అబద్ధం చేతకాదు. స్టీరింగు తుడుస్తూ, "డ్యూటీ ఏం మారలేదండి. శుక్రవారం ఆవిడికి ఎప్పట్లాగే సెలవేనండి. సాయంత్రం అసర్ నమాజు తర్వాత తోటలో మేకల దగ్గర కూర్చుని పాటలు పాడుతుంటారండి. మేకలు బాగానే వింటాయండి" అన్నాడు. తర్వాత భయపడి, "నేను చెప్పానని చెప్పకండి" అన్నాడు. చెప్పేశాను. ఆయన్ను ఏమీ అనకు.

1804లో అమెరికావాళ్ళు రాజ్యాంగం మార్చుకున్నారట. అప్పటి నుంచి ఒక్కో పదవికి ఒక్కో ఓటు. నేను కూడా ఆఫీసుకు వెళ్ళి అడిగాను. అవతల ఉన్న మనిషికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, మొదటిసారి గొంతు పైకి రాలేదు. పక్క గదిని కూడా మనకు ఇస్తారు. చిన్నపిల్లల గది అది. దాని తాళానికి వేరే పేరు కావాలి. నీ పేరు ఇచ్చాను. ఎన్నిక పెట్టలేదు. భూమేష్ అన్నకు చెప్తే, "ఇది మొదలే జేస్తే నన్ను గీ ఉత్త చీటిగాడని పిలుస్తురా!" అని నా మీద అరిచాడు. పాపం, ఇంకా ఆయన్నే ఏడిపిస్తున్నారు. నేను ఇంతవరకూ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

నీ మీద అసూయ తగ్గిందని రాస్తే సిస్టర్ నమ్మదు, నువ్వూ నమ్మవు. తగ్గలేదు. ఇంకొంచెం పెరిగింది. ఇదివరకు నీ గొంతు మీద ఉండేది. ఇప్పుడు ఇంకో దాని మీద కూడా. అలాంటి పని నేను చేయగలనా అని రోజూ ఆలోచిస్తున్నాను. చేయలేనేమో.

శుక్రవారం అసర్ తర్వాత రా. మేకలకు హనుమక్క పాడుతుంది. రెండో తాళం నా సంచిలో ఉంది, ఇంకెవరికీ ఇవ్వను.

ఒకటి రాయడం మరిచాను. ఆ రోజు నువ్వు వెళ్ళాక, కళ్ళద్దాలు తన కారులో ఉండిపోయాయని భూమేష్ అన్న డబ్బా నా చేతికి ఇచ్చాడు. చీటీలు విప్పింది నేనే. హనుమక్కది బీడీలా చుట్టి ఉంది. మిగతావి ఎవరికి తోచినట్టు వాళ్ళు మడిచారు. మూల లోపలికి దోపిన చీటీలు రెండున్నాయి. ఒకటి నాది. రెండోదానిలో ఏ పేరూ లేదు.

నీ
మహెక్